గిటార్ బ్రిడ్జి వెనక అంచు లేస్తోంది, సందులో గ్లూ పోస్తే సరిపోతుందా?

తీగలపిచ్చి:
కొన్ని నెలలుగా ముట్టుకోని అకౌస్టిక్ గిటార్ (స్టీల్ తీగలు) మొన్న బయటికి తీశాను. బ్రిడ్జి (తీగల చివరలు బిగించే చెక్క ముక్క) వెనక అంచు కింద సన్నటి సందు కనిపిస్తోంది, కాగితం ముక్క పెడితే లోపలికి జారిపోతోంది. దానికి తోడు మొదటి రెండు మూడు ఫ్రెట్ల (గిటార్ మెడ మీద అడ్డంగా ఉండే లోహపు పట్టీల) దగ్గర లావు తీగలు జర్రుమంటున్నాయి, పైకి వెళ్తే శబ్దం బాగానే ఉంది గానీ తీగలు మరీ ఎత్తుగా ఉండి వేళ్ళు నొప్పెడుతున్నాయి. సందులో సూపర్ గ్లూ పోసి ఏదైనా బరువు పెట్టమని తెలిసినాయన అన్నారు. చేసేయనా?

చెక్కపని:
వద్దండీ బాబూ. ముందు తీగలన్నీ వదులు చెయ్యండి, మిగతా మాటలు తర్వాత. లైట్ గేజ్ (సన్న రకం) తీగలు ఆరూ శ్రుతిలో ఉంటే దాదాపు 70 కిలోల లాగుడు ఆ బ్రిడ్జి మీదే ఉంటుంది. అలాగే వదిలేస్తే ఏదో ఒక రోజు పైపలక చెక్కను కూడా పీచులుగా చీల్చుకుని ఊడొస్తుంది.

సూపర్ గ్లూ ఎందుకు వద్దంటే, ఆ సందు నిండా పాత జిగురూ దుమ్మూ ఉంటాయి. కొత్తది వాటికి అంటుకుంటుంది, చెక్కకి కాదు. కొన్నాళ్ళకి మళ్ళీ లేస్తుంది, అప్పుడు దాన్ని శుభ్రం చేయడం నరకం. అసలు పద్ధతి ఏంటంటే, బ్రిడ్జిని వేడి చేసి, జిగురు మెత్తబడ్డాక పల్చటి బ్లేడు మెల్లగా తోస్తూ మొత్తం ఊడదీయడమే. తర్వాత రెండు వైపులా పాత జిగురు గీకేసి, కింద పాలిష్ ఉంటే అదీ తీసేసి, చెక్కకి చెక్క తగిలేలా చేయాలి. జిగురు లేకుండా ఒకసారి పెట్టి సందు లేదని చూసుకున్నాకే చెక్క జిగురు పూసి క్లాంపులు బిగించాలి, 24 గంటలు కదపకూడదు. సౌండ్ హోల్‌లోంచి లోపలికి దూరే క్లాంపులు లేకపోతే అసలు మొదలుపెట్టకండి.

శ్రుతితప్పినవాడు:
జర్రుమనడం వేరే గొడవ. బ్రిడ్జి లేస్తే తీగలు ఎత్తు పెరుగుతాయి, ఆ లెక్కన జర్రు తగ్గాలి కదా. మొదటి ఫ్రెట్ల దగ్గరే వస్తోందంటే నెక్ (గిటార్ మెడ) వెనక్కి వంగి ఉండొచ్చు. బ్రిడ్జి అతికించి శ్రుతి చేశాక లావు తీగని మొదటి ఫ్రెట్ దగ్గరా, నెక్ బాడీలో కలిసే ఫ్రెట్ దగ్గరా ఒకేసారి నొక్కి 7వ ఫ్రెట్ మీద చూడండి. సుమారు 0.2 మి.మీ. సందు ఉండాలి. తీగ ఫ్రెట్‌కి ఆనేసి ఉంటే ట్రస్ రాడ్ (నెక్ వంపు సరిచేసే, దాని లోపలి లోహపు కడ్డీ) పావు చుట్టు వదులు చేసి, మళ్ళీ శ్రుతి చేసి, మళ్ళీ చూడాలి. ఒకేసారి గిర్రున తిప్పకండి, రాడ్ పాడైతే బ్రిడ్జి కన్నా పెద్ద ఖర్చు.

తీగలపిచ్చి:
తీగలు వదులు చేసేశా. బ్రిడ్జి వెనక పైపలక కాస్త ఉబ్బినట్టుంది, అది మామూలేనా?

చెక్కపని:
కొంచెం వంపు తయారీలోనే ఉంటుంది, భయం లేదు. కానీ వేలి కణుపుతో పలకంతా తట్టి చూడండి. ఎక్కడైనా గరగరమంటే లోపల బ్రేస్ (పలక కింద బలానికి అతికించే చెక్క బద్ద) ఊడినట్టే. చిన్న అద్దం, ఫోన్ లైట్ పెట్టి బ్రేసుల చివర్లు చూడండి. ఊడితే ముందు అది అతికించాలి, లేదంటే బ్రిడ్జి ఎంత బాగా అతికించినా మళ్ళీ లేస్తుంది. గాలిలో తేమ 45 నుంచి 55 శాతం మధ్య ఉండేచోట పెట్టెలో ఉంచండి, ఆరుబయట గోడకి ఆనించొద్దు.

తీగలపిచ్చి:
అద్దం పెట్టి చూశా, ఒక బ్రేస్ చివర కిందకీ కాగితం దూరుతోంది. ఇక నేను చెయ్యి పెట్టను, రిపేరు చేసేవాళ్ళకే ఇచ్చేస్తా.