స్క్రీన్ రిపేరుకు విండోస్ పాస్‌వర్డ్ అడుగుతున్నారు, ఇవ్వాలా?

గాజుకిటికీ:
ల్యాప్‌టాప్ స్క్రీన్ మీద నిలువు గీతలు వస్తున్నాయి, ఎడమ హింజ్ (మూత తిరిగే కీలు) వదులైంది. సర్వీసు వాళ్లు వారం ఉంచాలన్నారు. ఫారంలో విండోస్ పాస్‌వర్డ్ రాయమంటున్నారు, దాని కిందే ‘డేటాకు మా బాధ్యత లేదు’ అని ఉంది. అందులో గుర్తింపు కార్డుల స్కాన్లు, ఇంట్లోవాళ్ల ఫొటోలు, బ్రౌజర్‌లో సేవ్ చేసిన పాస్‌వర్డ్‌లు ఉన్నాయి. స్క్రీన్ మార్చడానికి పాస్‌వర్డ్ దేనికండీ? ర్యామ్, ఎస్ఎస్‌డీ (ఫైళ్లుండే డిస్క్) మార్చేసి పాతవి పెడితే ఎలా పట్టుకోవాలి? విండోస్ 11 హోమ్, 16 జీబీ ర్యామ్, 512 జీబీ ఎస్ఎస్‌డీ.

బోర్డుబాబాయ్:
స్క్రీన్, హింజ్, కీబోర్డు, బ్యాటరీ, ఫ్యాన్. వీటిలో దేనికీ పాస్‌వర్డ్ అక్కర్లేదు. పని అయ్యాక కెమెరా, స్పీకర్లు, వైఫై చూసుకోవడానికి అడుగుతారు, అంతే. ఆ పరీక్ష పెన్‌డ్రైవ్ నుంచి లైవ్ లినక్స్ (విండోస్ ముట్టకుండా పెన్‌డ్రైవ్ నుంచే నడిచే సిస్టమ్) బూట్ చేసి చేసుకోవచ్చు, లేదా మీరు తీసుకోవడానికి వెళ్లినప్పుడు మీరే లాగిన్ అయి వాళ్ల ముందు చూపించొచ్చు. డ్రైవర్ (హార్డ్‌వేర్‌ను నడిపించే సాఫ్ట్‌వేర్) సమస్య, వైరస్, విండోస్ నెమ్మదిగా ఉండటం లాంటి సాఫ్ట్‌వేర్ పనులకైతే లాగిన్ నిజంగానే కావాలి. మీది అది కాదు.

ఇచ్చే ముందు ఒక పని చేయండి. బయాస్ (విండోస్ మొదలవక ముందే తెరుచుకునే సెట్టింగ్స్ స్క్రీన్) తెరిచి చూడండి, అక్కడా గీతలుంటే విండోస్‌తో సంబంధం లేనట్టే. తర్వాత బయటి మానిటర్ తగిలించండి. దానిలో బొమ్మ శుభ్రంగా ఉంటే గ్రాఫిక్స్ బాగానే ఉంది, తప్పు ప్యానెల్‌ది గానీ డిస్‌ప్లే కేబుల్‌ది గానీ. మూత మెల్లగా ముందుకూ వెనక్కూ కదిపితే గీతలు మారుతున్నాయా? అయితే కేబుల్‌నే ముందు అనుమానించాలి, ఎందుకంటే అది హింజ్ పక్కనుంచే వెళ్తుంది, వదులైన హింజ్ దాన్ని నలిపేస్తుంది. ‘కేబుల్ చూశాకే ప్యానెల్ మార్చాలి’ అని ఫారం మీద రాయించండి. లేకపోతే కేబుల్‌తో పోయేదానికి ప్యానెల్ డబ్బులు కడతారు.

గాజుకిటికీ:
బయాస్‌లోనూ గీతలున్నాయి, మూత కదిపితే మారుతున్నాయి. థాంక్స్. పాస్‌వర్డ్ ఇవ్వకపోతే ఇక ఫైళ్లు భద్రమే కదా?

తాళంచెవి48:
కాదండీ. ఎన్‌క్రిప్షన్ (కీ లేకుండా చదవలేనట్టు డేటాకు తాళం వేయడం) లేకపోతే లాగిన్ పాస్‌వర్డ్ ఫైళ్లకు అడ్డే కాదు. ఎస్ఎస్‌డీ ఊడదీసి యూఎస్‌బీ అడాప్టర్‌లో పెడితే ఇంకో కంప్యూటర్లో ఫోల్డర్లన్నీ తెరుచుకుంటాయి. సెట్టింగ్స్‌లో ‘ప్రైవసీ అండ్ సెక్యూరిటీ’ కింద ‘డివైస్ ఎన్‌క్రిప్షన్’ ఉందేమో చూడండి. హోమ్ ఎడిషన్‌లోనూ చాలా మెషిన్లకు వస్తుంది. ఆన్ చేశాక 48 అంకెల రికవరీ కీ మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో కనిపిస్తుందో లేదో చూసుకుని కాగితం మీద కూడా రాసుకోండి. మదర్‌బోర్డు మారిస్తే ఎన్‌క్రిప్షన్ తాళాన్ని దాచే టీపీఎం చిప్ కూడా మారుతుంది, అప్పుడు విండోస్ ఆ కీ అడుగుతుంది. కీ లేకపోతే డేటా పోయినట్టే. అందుకే బ్యాకప్ ముందు, ఎన్‌క్రిప్షన్ తర్వాత. కీ మాత్రం సర్వీసు వాళ్లకు ఇవ్వకండి.

‘వాళ్ల కోసం వేరే అకౌంట్ తెరిస్తే చాలు’ అనే సలహా తరచూ కనిపిస్తుంది. అది స్టాండర్డ్ అకౌంట్ అయితేనే సరి. అడ్మిన్ హక్కులిస్తే మీ ఫోల్డర్ల యాజమాన్యం మార్చుకుని లోపలికి వెళ్లొచ్చు, విండోస్ నడుస్తుండగా డిస్క్ తాళం తీసే ఉంటుంది కాబట్టి ఎన్‌క్రిప్షన్ ఉన్నా ఆగదు.

ఇదంతా అతి భయం అనుకోకండి. కెనడాలోని గ్వెల్ఫ్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2022లో ప్రచురించిన పరిశీలనలో, ఆడియో డ్రైవర్ ఆపేసిన ల్యాప్‌టాప్‌లను 16 చోట్ల రిపేరుకిచ్చి లాగ్‌లు చూశారు. 6 చోట్ల రిపేరు వాళ్లు ల్యాప్‌టాప్ యజమాని సొంత ఫైళ్లు తెరిచి చూశారు, వాటిలో 2 చోట్ల కాపీ కూడా చేసుకున్నారు.

బోర్డుబాబాయ్:
అన్నిటికన్నా తేలికైనది ఎస్ఎస్‌డీ తీసేసి ఇవ్వడం. షిఫ్ట్ పట్టుకుని షట్‌డౌన్ నొక్కండి, అప్పుడే పూర్తిగా ఆఫ్ అవుతుంది. ఛార్జర్ తీసి, కింది మూత స్క్రూలు విప్పి, ముందు బ్యాటరీ కనెక్టర్ ఊడదీయాలి. ఎం.2 ఎస్ఎస్‌డీకి (బోర్డు మీద గుచ్చే సన్నటి కార్డు) చివర ఒకే స్క్రూ ఉంటుంది. అది తీస్తే కార్డు ఏటవాలుగా పైకి లేస్తుంది, అదే కోణంలో బయటికి లాగండి. కింది మూత స్క్రూలు ఒకే పొడవు ఉండవు, ఏది ఎక్కడిదో కాగితం మీద బొమ్మ గీసి అతికించుకోండి. పొడుగుది పొట్టిదాని చోట బిగిస్తే బోర్డుకు దెబ్బ. కొన్ని పల్చటి మోడళ్లలో స్టోరేజీ బోర్డుకే సోల్డర్ అయి ఉంటుంది, వాటికి ఈ దారి లేదు. వారంటీ ఉంటే మూత విప్పొచ్చో లేదో ముందే అడగండి.

సీరియల్‌నంబర్:
విడిభాగాల సంగతి. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ప్రోగ్రామ్‌లో ఎస్ఎస్‌డీ మోడల్, సీరియల్ నంబరు, ఎన్ని గంటలు నడిచింది అన్నవి స్క్రీన్‌షాట్ తీసుకోండి. సీపీయూ-జెడ్ అనే ప్రోగ్రామ్‌లో ఎస్‌పీడీ ట్యాబ్ తెరిస్తే ఒక్కో స్లాట్‌లో ఉన్న ర్యామ్ తయారీదారు, పార్ట్ నంబరు, చాలాసార్లు సీరియల్ కూడా వస్తాయి. 8+8ని తీసి 16 ఒక్కటి పెడితే మొత్తం సరిపోతుంది, కానీ డ్యూయల్ ఛానెల్ (రెండు ర్యామ్‌లూ ఒకేసారి పనిచేయడం) పోయి వేగం తగ్గుతుంది. ‘16 జీబీయే ఉంది కదా’ అని వదిలేసేది ఇక్కడే. ప్యానెల్ మార్చక తప్పకపోతే రిజల్యూషన్, రిఫ్రెష్ రేటు (బొమ్మ సెకనుకు ఎన్నిసార్లు మారుతుందో) ముందూ వెనకా పోల్చండి. 144 హెర్ట్జ్ ప్యానెల్ స్థానంలో 60ది వస్తే సెట్టింగ్స్‌లోని అడ్వాన్స్‌డ్ డిస్‌ప్లే పేజీలోనే తెలిసిపోతుంది. తీసేసిన పాత భాగం తిరిగివ్వాలని కూడా ఫారంలో ఉండాలి.

డిస్క్ లోపలే ఉంచి ఇస్తే, తిరిగొచ్చాక విండోస్‌లోనే ఉండే ఈవెంట్ వ్యూయర్‌లోని సెక్యూరిటీ లాగ్‌లో మీ పేరుతో ఉన్న 4624 (లాగిన్ అయినట్టు) ఎంట్రీల తేదీలు చూడండి. ఆ వారంలో ఒక్కటీ ఉండకూడదు. 1102 కనిపిస్తే ఎవరో లాగ్ చెరిపేశారని అర్థం. డిస్క్‌ను బయటికి తీసి చదివితే మాత్రం విండోస్‌లో ఏ జాడా మిగలదు, లాగ్ ఖాళీగా ఉందని నిశ్చింత పడకండి.

బోర్డుబాబాయ్:
తీసుకునేటప్పుడు వైఫై అక్కడే చూడండి. చాలా మోడళ్లలో యాంటెన్నా వైర్లు కూడా హింజ్ గుండానే మూతలోకి వెళ్తాయి. హింజ్ పని తర్వాత రౌటర్ పక్కన బాగుండి, రెండు గదుల దూరంలో సిగ్నల్ పడిపోతే వైర్ క్లిప్ సరిగ్గా పెట్టలేదు, లేదా నలిగింది. డ్రైవర్ తప్పంటారు, ఒప్పుకోకుండా మూత విప్పించండి.