కొత్త పన్ను చట్టం వచ్చింది సరే, మీ రిటర్ను పని తేలికైందా? అనుభవాలు చెప్పండి

గోదారిగట్టు_మాస్టారు:
1961 నాటి చట్టం స్థానంలో ఆదాయపు పన్ను చట్టం, 2025 వచ్చింది. 2026 ఏప్రిల్ 1 నుంచి అమలు. 819 సెక్షన్లు 536కి దిగాయి, ఐదు లక్షల పైచిలుకు మాటలు ఇంచుమించు సగమయ్యాయి. సంతోషం. మా స్టాఫ్ రూములో మాత్రం ‘పాత విధానమా (మినహాయింపులు ఎక్కువ), కొత్త విధానమా (మినహాయింపులు తక్కువ, రేట్లూ తక్కువ)’ అన్న పంచాయితీ ఇంకా తెగలేదు. జీతగాళ్ళు, పెన్షనర్లు, సొంత ప్రాక్టీసు వాళ్ళు ఎవరి సంగతి వాళ్ళు రాయండి. పార్టీల గొడవ వద్దు దయచేసి.

పెన్షనర్_కాకినాడ:
నా మటుకు నాకు తేలికైంది. పెన్షనూ ఎఫ్‌డీ వడ్డీ కలిపి 12 లక్షల లోపే. కొత్త విధానంలో రిబేటుతో, అంటే పన్నులో ఇచ్చే తగ్గింపుతో, పన్ను సున్నా. పెన్షన్‌కీ 75 వేల స్టాండర్డ్ డిడక్షన్ (లెక్కకి ముందే ఆదాయంలోంచి తీసేసే మొత్తం) ఉంది. 2025 ఏప్రిల్ నుంచి మాబోటి వాళ్ళకి ఒక బ్యాంకులో వడ్డీ ఏడాదికి లక్ష దాటితేనే టీడీఎస్ (బ్యాంకే ముందుగా పట్టుకునే పన్ను) కోత. అయినా టీడీఎస్ కోయొద్దని ఇచ్చే ఫారం (పాత చట్టంలో 15హెచ్) ఇచ్చి రసీదు దాచుకోండి. నేను ఏప్రిల్ మొదటివారంలోనే ఇచ్చినా మా బ్రాంచివాళ్ళు సిస్టంలో ఎక్కించలేదు, కోసేశారు. ఆ డబ్బు రిటర్నులో వెనక్కి అడగాల్సి వచ్చింది. చట్టం ఎంత చిన్నదైతే ఏం లాభం, కౌంటర్‌లో ఆ కాగితం పట్టించుకునేవాడు ఉండాలి కదా.

ఓరుగల్లు_కుర్రోడు:
అందరూ ‘కొత్తదే బెస్ట్, కళ్ళు మూసుకుని టిక్ కొట్టు’ అంటున్నారు. నాకు అలా కుదరలేదు. హనుమకొండలో లోన్ మీద ఇల్లు కట్టాను, అమ్మానాన్న ఉంటున్నారు. నేను గచ్చిబౌలిలో అద్దెకు. జీతం 18 లక్షలు.

కొత్తదాంట్లో 75 వేలు పోను 17.25 లక్షల మీద సెస్సుతో (పన్ను మీద వేసే 4 శాతం) కలిపి పన్ను 1,50,800. పాతదాంట్లో స్టాండర్డ్ డిడక్షన్ 50 వేలు, 80సీ (పీపీఎఫ్, పాలసీల్లాంటి పొదుపు) లక్షన్నర, ఇంటి లోన్ వడ్డీ 2 లక్షలు, హెల్త్ ఇన్సూరెన్స్ 25 వేలు, ఎన్‌పీఎస్ (పెన్షన్ పొదుపు) 50 వేలు, హెచ్‌ఆర్‌ఏ (ఇంటి అద్దె భత్యం) 3 లక్షలు తీసేస్తే మిగిలేది 10.25 లక్షలు. పన్ను 1,24,800. అంటే పాతదాంట్లోనే 26 వేలు మిగులు. హెచ్‌ఆర్‌ఏ ఒక్కటీ తీసేసి చూడండి, పాతదే 2,18,400కి ఎగబాకుతుంది. ఒక్క అద్దె రసీదు మీద లెక్క మొత్తం తలకిందులు!

ఆ రసీదు కోసం ఓనర్ అంకుల్‌ని పాన్ నంబర్ అడిగితే ‘మరి నా ఆదాయంలో చూపిస్తావా?’ అని మొహం మాడ్చుకున్నారు. అద్దె ఏడాదికి లక్ష దాటితే ఓనర్ పాన్ ఇవ్వాల్సిందే మరి.

తెనాలి_ఆడిటర్:
@ఓరుగల్లు_కుర్రోడు లెక్క కరెక్టే. ఒక్క మాట చేరుస్తాను. పాతది కావాలంటే గడువు లోపలే రిటర్ను వేయాలి. గడువు దాటితే డిఫాల్ట్‌గా కొత్తదే. జీతగాళ్ళకి ఏటా మార్చుకునే వీలుంది, వ్యాపార ఆదాయం ఉన్నవాళ్ళకి లేదు. వాళ్ళు 10-ఐఈఏ ఫారం వేసి పాతదాంట్లోకి వెళ్తే, మళ్ళీ కొత్తదాంట్లోకి వచ్చే అవకాశం ఒక్కసారే.

మా ఆఫీసులో ఇప్పుడు ఎక్కువమంది అడిగేది స్లాబుల గురించి కాదు, సంవత్సరం గురించి. కొత్త చట్టంలో ‘మదింపు సంవత్సరం’ (ఆదాయం వచ్చిన మరుసటి ఏడాది) లేదు, ‘పన్ను సంవత్సరం’ ఒక్కటే. మంచి మార్పే. కానీ 2025-26లో వచ్చిన ఆదాయానికి పాత చట్టం కిందే రిటర్ను, దాన్ని మదింపు సంవత్సరం 2026-27 అంటాం. 2026 ఏప్రిల్ నుంచి సంపాదించేది పన్ను సంవత్సరం 2026-27. రెండిటికీ నంబరు ఒకటే, ఏడాదులు వేరు! చలానా కట్టేటప్పుడు ఏ చట్టం కింద కడుతున్నారో ఒకటికి రెండుసార్లు చూసుకోండి.

నరసరావుపేట_నాగమణి:
మావారిది పళ్ళ క్లినిక్. పాత చట్టంలోని 44ఏడీఏ సెక్షన్ కింద ఏడాది వసూళ్ళలో సగం లాభంగా చూపిస్తే చాలు, ఖర్చుల బిల్లులు, పుస్తకాలు అక్కర్లేదు. వసూళ్ళు 50 లక్షల లోపు ఉండాలి, నగదు 5 శాతం మించకపోతే 75 వరకూ. మాకు 22 లక్షలు వస్తే 11 లక్షలు ఆదాయం, కొత్త విధానంలో పన్ను లేదు. నన్నడిగితే ఈ చట్టం మొత్తంలో సామాన్యుడికి అర్థమయ్యేది ఇదొక్కటే.

తర్వాత ఆయన సరదాగా షేర్లు కొన్నారు. ఏడాది తిరక్కుండా అమ్మేసరికి ఐటీఆర్-4 అనే రిటర్ను ఫారం పనికిరాదన్నారు, ఐటీఆర్-3 వేయాలట. ఆ లాభం మీద 20 శాతం పన్నుకి రిబేటు కూడా వర్తించదట. వచ్చిన లాభం ఎనిమిది వేలు, ఆడిటర్ ఫీజు ఐదు వేలు 😀

గోదారిగట్టు_మాస్టారు:
@తెనాలి_ఆడిటర్ గారూ, నాదొక సందేహం. స్టాండర్డ్ డిడక్షన్ పోను జీతం 11 లక్షలు, పొలం మీద 2 లక్షలు. వ్యవసాయానికి పన్ను లేదు కదా, జీతం 12 లోపే కదా. అయినా లెక్కలో 5,200 చూపిస్తోంది. ఎందుకని?

తెనాలి_ఆడిటర్:
మాస్టారూ, ఆ లెక్క సరైనదే. వ్యవసాయ ఆదాయం మీద పన్ను లేదు గానీ, 5 వేలు దాటితే రేటు తేల్చడానికి కలుపుతారు. 11+2 = 13 లక్షల మీద పన్ను 75,000. పొలం 2 లక్షలకి మినహాయింపు పరిమితి 4 లక్షలు కలిపి 6 లక్షల మీద పన్ను 10,000. తేడా 65,000. రిబేటు గరిష్ఠంగా 60,000. మిగిలిన 5,000కి 4 శాతం సెస్సు 200. ఇది ఐటీఆర్-1లో కుదరదు, ఐటీఆర్-2 వేయాలి. వ్యవసాయ ఆదాయం 5 లక్షలు దాటితే జిల్లా, పిన్‌కోడ్, ఎన్ని ఎకరాలు, సొంతమా కౌలా, నీటి వసతి ఉందా అన్నీ అడుగుతుంది.

ఓరుగల్లు_కుర్రోడు:
‘12 లక్షల దాకా పన్ను లేదు’ అని టీవీలో చెప్పినప్పుడు ఈ ముక్క ఎవరూ చెప్పలేదే!

పెన్షనర్_కాకినాడ:
మేము ఉద్యోగంలో చేరిన రోజుల్లో పై స్లాబు సర్‌చార్జితో కలిపి 97.75 శాతం నాయనా. మన జీతాలు ఆ ఛాయలకి వెళ్ళేవి కావు కాబట్టి బతికిపోయాం. ఇప్పుడు స్లాబులు బాగానే ఉన్నాయి. నా అభ్యంతరం ఒక్కటే. 80సీ ఉండబట్టే మావాడు పీపీఎఫ్ కట్టేవాడు. కొత్తదాంట్లో అది లేదు, కట్టడం మానేశాడు.

నరసరావుపేట_నాగమణి:
అంకుల్, పన్ను కోసం అక్కర్లేని పాలసీలు కొనిపించుకున్నవాళ్ళు మా ఇంట్లోనే ముగ్గురున్నారు. మార్చి వస్తే ఏజెంటు గుమ్మంలో ఉండేవాడు. ఆ బెడద పోయింది, నాకదే చాలు.

గోదారిగట్టు_మాస్టారు:
ఆడిటర్ గారూ, ఆఖరి ప్రశ్న. పొలం నేను చేయడం లేదు, కౌలుకి ఇచ్చాను. ఆ డబ్బు కూడా వ్యవసాయ ఆదాయమేనా?

తెనాలి_ఆడిటర్:
వరి వేస్తుంటే వ్యవసాయ ఆదాయమే. భీమవరం వైపు పొలం చెరువు చేసి రొయ్యలకి లీజుకిచ్చారంటే కాదు. చేపలూ రొయ్యలూ వ్యవసాయం కిందకి రావు, ఆ లీజు డబ్బు మామూలు ఆదాయంలో కలుస్తుంది. మీది ఏదో చెప్పండి, దాన్నిబట్టి మళ్ళీ లెక్క వేద్దాం.