ముందు చక్రం బేరింగ్: నట్ ఒక గాటు బిగిస్తే టైటు, వదిలితే లూజు

పాతచక్రం:
ముందు డిస్క్ బ్రేకులున్న పాత కారు. హబ్‌లో (చక్రం బిగించే మధ్య భాగం) రెండు టేపర్ రోలర్ బేరింగులు, కప్పులతో (బయటి రింగులు) సహా కొత్తవి వేశాను. గాట్ల నట్‌ని స్ప్లిట్ పిన్ (నట్ తిరిగిపోకుండా ఆపే చీల) రంధ్రానికి ఎదురుగా తెస్తే చక్రం బరువుగా తిరుగుతోంది. ఒక గాటు వెనక్కి తిప్పితే పైనా కిందా పట్టుకుని ఊపినప్పుడు టకటక. రెంటిలో ఏది నయం? స్టబ్ యాక్సిల్ (హబ్ తిరిగే కడ్డీ) మర పిచ్ (ఒక చుట్టుకి నట్ జరిగే దూరం) 1.5 మి.మీ., నట్‌కి ఆరు గాట్లు, పిన్ రంధ్రం ఒక్కటే.

గ్రీజుచేతులు:
ముందు ఆ బరువు బేరింగ్‌దేనా అన్నది తేల్చుకోండి. ప్యాడ్‌లు డిస్క్‌కి రాసుకుంటున్నా, కొత్త ఆయిల్ సీలు పట్టేసినా, గ్రీజు ఎక్కువైనా చక్రం బరువుగానే ఉంటుంది. కాలిపర్ (ప్యాడ్‌లు పట్టుకునే భాగం) విప్పి పక్కన తీగతో కట్టండి, హోస్ మీద వేలాడనివ్వకండి. తర్వాత హబ్‌ని చేత్తో తిప్పుతూ నట్‌ని సుమారు 20–30 న్యూటన్ మీటర్ల వరకు బిగించండి. తిప్పకుండా బిగిస్తే రోలర్లు కోన్ (లోపలి రింగు) భుజానికి సరిగ్గా ఆనవు, వచ్చే కొలతంతా తప్పుడు కొలతే. అక్కణ్ణుంచి నట్ పూర్తిగా వదిలి, మళ్లీ వేళ్లతో ఎంత బిగిస్తే అంతే. దాన్నుంచి పిన్ కోసం వెనక్కే తిప్పాలి, ముందుకి కాదు. చివరికి హబ్‌కి ఉండాల్సిన ఆట (యాక్సిల్ వెంట లోపలికీ బయటికీ కదిలే ఖాళీ) చాలా బళ్లలో 0.03 నుంచి 0.12 మి.మీ. మీ మాన్యువల్‌లో వేరే అంకె ఉంటే అదే ప్రమాణం.

ఆ ఆటని చక్రం ఊపి కొలవలేరు. హబ్ దగ్గర 0.1 మి.మీ. టైరు అంచుకి వచ్చేసరికి పెద్దదై చేతికి తెలుస్తుంది. కాబట్టి కాస్త టక్‌మన్నంత మాత్రాన తప్పు కాదు. డయల్ గేజ్ (సన్నటి కదలికని కొలిచే పరికరం) అయస్కాంతాన్ని డిస్క్‌కి అంటించి, ముల్లుని యాక్సిల్ కొసకి ఆనించి, హబ్‌ని తిన్నగా లాగి నెట్టండి. ఊపకూడదు. గేజ్ లేకపోతే నట్ కింది వాషర్‌ని స్క్రూడ్రైవర్ కొసతో పక్కకి నెట్టి చూడండి: మెలితిప్పి బలం పెట్టకుండా కాస్త కదిలితే దాదాపు సరిగ్గా ఉన్నట్టే.

కొలతరాయుడు:
మీ చిక్కు అసలు లెక్కలోనే ఉంది. పిచ్ 1.5, ఆరు గాట్లు. అంటే ఒక గాటుకి నట్ 0.25 మి.మీ. జరుగుతుంది. మీకు కావాల్సిన ఆట పరిధి మొత్తం 0.09. గాటు అందులో పడడం అదృష్టమే! యాక్సిల్‌కి 90 డిగ్రీల్లో రెండో రంధ్రం ఉన్న బళ్లలో అడుగు 0.125కి తగ్గుతుంది, అందుకే అక్కడ ఈ గొడవ తక్కువ.

ముందు అవతలి చక్రం నట్, వాషర్ మార్చి చూడండి. మర మొదలయ్యే చోటు ఒక్కో నట్‌కి ఒక్కోలా ఉంటుంది కాబట్టి ఒక్కోసారి అంతటితోనే సరిపోతుంది. కుదరకపోతే వాషర్ మందం తగ్గించాలి. లూజు గాటులో ఆట 0.20 వచ్చిందనుకోండి. టైటు గాటులో అది మైనస్ 0.05, అంటే బేరింగ్ మీద ఒత్తిడి. వాషర్‌ని 0.12 అరగదీస్తే అదే టైటు గాటులో 0.07 ఆట వస్తుంది. గాజుపలక మీద ఎమరీ కాగితం పరిచి, వాషర్‌ని తిప్పుతూ రుద్ది, మైక్రోమీటర్‌తో నాలుగు చోట్ల కొలవండి. ఒక పక్క పల్చబడితే నట్ వంకరగా కూర్చుంటుంది. వాషర్ లోపలి నాలుక (యాక్సిల్ గాడిలో కూర్చునే కొస) జోలికి పోవద్దు: అది లేకపోతే కోన్ తిరుగుడు నట్‌కి అంటుకుంటుంది.

"కొంచెం టైటే మేలు, అదే సర్దుకుంటుంది" అనేవాళ్లు ఉంటారు. వినకండి. టైటు బేరింగ్ వేడెక్కి గ్రీజు పల్చబడి సీలు దాటి కారుతుంది, రోలర్లు నీలం తిరుగుతాయి, కోన్ యాక్సిల్‌కి పట్టేస్తుంది. లూజు ఎక్కువైతే డిస్క్ ఊగి ప్యాడ్‌లని వెనక్కి నెడుతుంది, మొదటి తొక్కుకి పెడల్ లోతుకి పోతుంది.

కింగ్‌పిన్:
ఆ టకటక బేరింగ్‌దో కాదో కూడా చూడండి. కాలిపర్ బిగించాక ఒకరు బ్రేక్ తొక్కి పట్టుకుంటే మీరు చక్రం ఊపండి. శబ్దం ఆగితే బేరింగ్. ఆగకపోతే కింగ్‌పిన్ లేదా బాల్ జాయింట్ (స్టీరింగ్ తిప్పినప్పుడు చక్రం మళ్లే కీలు), నట్ ఎంత తిప్పినా పోదు.

ఇంకోటి, ఈ పద్ధతి అన్ని బళ్లకీ కాదు. ఎంజీబీ అనే పాత బ్రిటిష్ కారులో బేరింగుల మధ్య స్పేసర్ (దూరం నిలిపే గొట్టం), షిమ్‌లు (పల్చటి రింగులు) ఉంటాయి. అక్కడ నట్ 54–95 న్యూటన్ మీటర్లు బిగిస్తారు, ఆట 0.05–0.10 మి.మీ. షిమ్‌లతోనే వస్తుంది. దానికి వేళ్ల బిగింపు సరిపోదు. స్పేసర్ లేని హబ్‌కి ఆ టార్క్ పెడితే బేరింగ్ పాడవుతుంది. ఫోక్స్‌వ్యాగన్ బీటిల్‌లో అయితే ఎడమ చక్రం నట్‌ది ఎడమ మర, విప్పేటప్పుడు గుర్తుంచుకోవాలి.

పాతచక్రం:
లోపల స్పేసర్ లేదు. కాలిపర్ తీశాక బరువు సగం తగ్గింది. గేజ్ పెడితే లూజు గాటులో 0.19. కప్పులు అడుగుకి ఆనాయో లేదో ఎలా తెలుస్తుంది?

గ్రీజుచేతులు:
కప్పుని కొట్టేటప్పుడు అడుగు తగలగానే శబ్దం మారి గట్టిగా మోగుతుంది. హబ్ లోపల కప్పు వెనక గాడి ఉంటే 0.05 మి.మీ. ఫీలర్ (సందు కొలిచే పల్చటి రేకు) దూరకూడదు. దూరితే ఇంకా దిగలేదు. ఆ స్థితిలో వాషర్ అరగదీయకండి. కొన్ని కిలోమీటర్లకే కప్పు జరిగి ఆట పెరుగుతుంది. దిగిందని తేలాక 0.19కి వాషర్ 0.13 తగ్గిస్తే టైటు గాటులో 0.07. స్ప్లిట్ పిన్ కొత్తదే వేయండి, కొసలు మూతకి తగలకుండా వంచండి. మూత నిండా గ్రీజు కూరవద్దు. కొత్త బేరింగులు కాబట్టి కొన్ని వందల కిలోమీటర్లు తిరిగాక గేజ్ మళ్లీ పెట్టండి.