అప్‌డేట్: పేసర్స్‌ని వదిలేయాలా అని అడిగింది నేనే

2024 డిసెంబర్‌లో అమెరికా NBA బాస్కెట్‌బాల్ టీమ్ ఇండియానా పేసర్స్ 10 గెలుపులు, 15 ఓటములతో ఈడుస్తుంటే, ఇంక ఈ సీజన్ చూడటం దండగేనా అని అడిగాను కదా. ఓపిక పట్టమన్నవాళ్లదే కరెక్ట్.

అప్పట్లో నేను టీమ్ స్టార్ హాలిబర్టన్‌ని తెగ తిట్టాను గానీ అసలు దెబ్బ వేరే చోట తగిలింది. సీజన్ మొదలైన పది రోజుల్లోనే సెంటర్‌లో, అంటే బుట్ట దగ్గర, ఆడే బ్యాకప్‌లు వైజ్‌మన్, ఐజేయా జాక్సన్ ఇద్దరికీ మడమ దగ్గర అకిలీస్ స్నాయువు తెగింది, దాంతో మెయిన్ సెంటర్ టర్నర్ పక్కకెళ్తే సెంటర్‌లో నిలబడేవాడే లేడు, దానికి తోడు మరో ఇద్దరు ఆటగాళ్లు నెంబార్డ్, నెస్మిత్ గాయాలతో బయట కూర్చున్నారు, ఇన్ని పోయాక ఏ టీమ్ అయినా తడబడదా చెప్పండి. డిసెంబర్‌లో మయామీ టీమ్ నుంచి సెంటర్ థామస్ బ్రయంట్‌ని తెచ్చుకున్నారు, గాయపడ్డవాళ్లు ఒక్కొక్కరే తిరిగొచ్చారు. ఆ తర్వాత 57 మ్యాచ్‌ల్లో 40 గెలిచి 50-32తో ముగించారు!

సీజన్ తర్వాత జరిగే నాకౌట్ రౌండ్లు, అదే ప్లేఆఫ్స్‌లో మిల్వాకీ, క్లీవ్‌లాండ్, న్యూయార్క్ టీమ్‌లను దాటి 2000 తర్వాత మొదటిసారి ఫైనల్స్‌కి (ఏడు మ్యాచ్‌ల్లో నాలుగు గెలిచినవాళ్లకే కప్పు) వెళ్లారు. ఫైనల్స్ మొదటి మ్యాచ్‌లో ఇంకా 0.3 సెకన్లు ఉండగా గెలిపించింది ఎవరనుకున్నారు, నేను తిట్టిన హాలిబర్టనే. ఏడో మ్యాచ్‌లో పాపం అతనికీ అకిలీసే తెగింది, కప్పు అవతలి టీమ్ ఓక్లహామా సిటీకి పోయింది.

ఆ తర్వాత 2025 వేసవిలో టర్నర్ కూడా మిల్వాకీకి వెళ్లిపోయాడు. మళ్లీ టెన్షన్ మొదలు.