అప్‌డేట్: ఈసారి హ్యాగిస్ పగలలేదు

గ్లాస్గోలో మా ఇంట్లో బర్న్స్ సప్పర్ (స్కాట్లాండ్ కవి రాబర్ట్ బర్న్స్ పుట్టినరోజు విందు) పెడుతున్నామని, ట్రయల్‌లో హ్యాగిస్ (గొర్రె గుండె, కాలేయం, ఊపిరితిత్తులను ఓట్స్‌తో కలిపి తొడుగులో కూరిన వంటకం) నీళ్లలోనే పగిలిపోయిందని, ఏం చేయాలో, ఏ విస్కీ పెట్టాలో చెప్పమని ఇక్కడ అడిగాను కదా. జనవరి 25న విందు బాగా జరిగింది. అందరికీ థాంక్స్.

మీరు చెప్పినవాటిలో పనిచేసింది ఫాయిల్‌లో చుట్టమన్న సలహా. మాంసం కొట్టతను చెప్పాకే అసలు తప్పు తెలిసింది: హ్యాగిస్ ముందే ఉడికి వస్తుంది, లోపలిదాకా వేడెక్కితే చాలు. నేను నీళ్లు తెర్లనిచ్చాను, తొడుగు చిట్లింది. ఈసారి అరకిలో దాన్ని ఫాయిల్‌లో చుట్టి, ట్రేలో కాస్త నీళ్లు పోసి, 180 డిగ్రీల ఓవెన్‌లో గంటా పావు ఉంచాను. ఆనవాయితీగా హ్యాగిస్ మీద బర్న్స్ రాసిన పద్యం చదువుతూ దానిలో కత్తి దించేదాకా చెక్కుచెదరలేదు. ఆ క్షణం కోసమే ఇంత తాపత్రయం!

పగలకుండా సూదితో గుచ్చమని కొందరన్నారు, ఆ అవసరం రాలేదు. విస్కీ గురించి టెన్షన్ కూడా అనవసరమే. స్కాట్లాండ్‌లోని ఐలా దీవి పొగవాసన విస్కీ కొందరికి ఘాటైంది, అక్కడి స్పేసైడ్ ప్రాంతానిది అందరికీ నచ్చింది.