కర్రీ పాయింట్‌లో సాయంత్రం లైను, రాత్రికి మిగిలే కూరలు: దీనికి లెక్కేమైనా ఉందా?

కూరల కొట్టు (హైదరాబాద్)

అందరికీ నమస్కారం. వనస్థలిపురంలో అమ్మా నేనూ కలిసి కర్రీ పాయింట్ నడుపుతున్నాం. పగలు ఫర్వాలేదు. రాత్రి 7 నుంచి 9 దాకా మాత్రం ఊపిరి సలపదు. గంటకి 50 మంది దాకా వస్తారు. కౌంటర్లు రెండు. ఒకదాంట్లో నేను, ఇంకోదాంట్లో మా దగ్గర పనిచేసే అబ్బాయి. ఏం కావాలో అడిగి, కూర కవర్లో పోసి, దారం చుట్టి, డబ్బులు తీసుకునేసరికి మనిషికి సగటున 2 నిమిషాలు పడుతోంది. అంటే ఇద్దరం కలిసి గంటకి 60 మందికి ఇవ్వగలం కదా, వచ్చేది 50 మందే. మరి లైను ఎందుకు కరగట్లేదు? ఎప్పుడు తలెత్తి చూసినా రెండు లైన్లలో కలిపి 8 మంది ఎదురుచూస్తూ ఉంటారు. కొందరు ఆ జనాన్ని చూసి బండి ఆపకుండానే వెళ్లిపోతున్నారు.

రెండోది గుత్తి వంకాయ. ఒకరోజు ఎనిమిదింటికే గిన్నె ఖాళీ, ఇంకోరోజు పది ప్యాకెట్ల కూర పారబోయాలి. ప్యాకెట్ 40 రూపాయలు. సరుకు, గ్యాస్ కలిపి మాకు 15 పడుతుంది.

మూడోది నూనె. నెలకి 20 టిన్నులు. ఆటో కిరాయి, కూలీ కలిపి తెచ్చినప్పుడల్లా 150. ఒకేసారి ఎన్ని తెచ్చుకుంటే మంచిది?

మా తమ్ముడు ఎంబీఏ చదువుతున్నాడు. వీటన్నిటికీ ఆపరేషన్స్ రీసెర్చ్‌లో ఫార్ములాలు ఉన్నాయన్నాడు. వాడి పుస్తకం తెరిస్తే నాకేమీ ఎక్కలేదు. మామూలు మాటల్లో ఎవరైనా చెప్తారా?

బెజవాడ కర్రీస్

అక్కా, మాది కూడా ఇదే వ్యాపారం. ముందు డబ్బుల పని కౌంటర్ మీద నుంచి తీసేయండి. క్యూఆర్ స్టిక్కర్ గోడకి కాకుండా లైను మొదట్లో పెట్టండి, కట్టేసి వస్తారు. చిల్లర డబ్బా అమ్మ దగ్గర ఉంచండి. పప్పు, సాంబారు, రసం ఆరున్నరకే కట్టి బుట్టలో వేసుకోండి. అవి తీసుకోనివాళ్లు ఎవరుంటారు? ఫార్ములాల సంగతి తెలిసినవాళ్లు చెప్తారు.

స్టాటిస్టిక్స్ మాస్టారు (గుంటూరు)

అమ్మా, డిగ్రీ కాలేజీలో ఈ సబ్జెక్టే చెబుతాను. మీరు అంకెలన్నీ ఇచ్చి అడిగారు, చాలా సంతోషం. కొంచెం పొడుగైనా ఓపిగ్గా చదవండి.

గంటకి 60 మందికి ఇవ్వగలరు, 50 మంది వస్తున్నారు, నిజమే. ఆ 50 మందీ సరిగ్గా 72 సెకన్లకొకరు చొప్పున వచ్చి, ప్రతి మనిషికీ కచ్చితంగా 2 నిమిషాలే పడితే మీ దగ్గర ఒక్కరు కూడా నిలబడరు. కానీ జనం అలా రారు. ఐదు నిమిషాలు పిట్ట కూడా వాలదు, ఆ తర్వాత ఒక్కసారే ఆరుగురు దిగుతారు. ఖాళీగా పోయిన ఆ ఐదు నిమిషాలని మీరు దాచుకుని తర్వాత వాడుకోలేరు. సగటు చూస్తే ఇదంతా కనపడదు. కోపెన్‌హాగన్ టెలిఫోన్ కంపెనీలో పనిచేసిన ఎర్లాంగ్ 1909లో ఫోన్ కాల్స్ మీద ఈ లెక్కే మొదలుపెట్టాడు. ఎవరికి తోచినప్పుడు వాళ్లు ఫోన్ చేస్తుంటే ఎన్ని లైన్లు వేయాలి, ఎదురుచూపు ఎంత ఉంటుంది అన్నదే ఆయన ప్రశ్న. మీదీ అదే ప్రశ్న.

ఇప్పుడు మీ ఒక్క కౌంటర్‌ని చూడండి. గంటకి 25 మంది వస్తారు, 30 మందికి ఇవ్వగలరు. 25ని 30తో భాగిస్తే 0.833. మిగిలిన వెసులుబాటు గంటకి 5 మంది. 0.833ని ఆ 5తో భాగిస్తే గంటలో ఆరో వంతు, అంటే 10 నిమిషాలు. లైన్లో సగటు ఎదురుచూపు అది. కింద ఉన్నది ఆ చిన్న 5 కాబట్టే ఎదురుచూపు అంత పెరిగింది. జనం 25 నుంచి 28కి చేరారనుకోండి, వెసులుబాటు 2కి పడిపోతుంది, ఎదురుచూపు 28 నిమిషాలకి ఎగబాకుతుంది. పెరిగింది ముగ్గురే! మీ అబ్బాయి నెమ్మదిగా చేస్తున్నాడని దయచేసి అనుకోకండి. పని అంచుదాకా నిండిపోయినప్పుడు ఎవరు నిలబడినా ఇంతే.

మీరు చెప్పిన 8 మంది కూడా ఈ లెక్కకి దగ్గరగానే ఉంది. జాన్ లిటిల్ 1961లో నిరూపించిన సూత్రం ఒకటుంది: లైన్లో ఉండే సగటు మంది, వచ్చే వేగాన్ని సగటు ఎదురుచూపుతో గుణించినంత. 8ని 50తో భాగిస్తే 0.16 గంట, అంటే తొమ్మిదిన్నర నిమిషాలు. స్టాప్‌వాచ్ అక్కర్లేదు, పావుగంటకోసారి తలలు లెక్కపెడితే చాలు.

ఇక ఏం చేయాలి? మొదటిది పైసా ఖర్చు లేనిది. రెండు లైన్లు తీసేసి ఒకటే లైను పెట్టండి, ఎవరి చెయ్యి ఖాళీ అయితే ముందున్నవాళ్లు వాళ్ల దగ్గరికి వెళ్తారు. అదే ఇద్దరు, అదే 50 మంది, ఎదురుచూపు మాత్రం నాలుగున్నర నిమిషాలకి దిగుతుంది. ఒక కౌంటర్ ఖాళీగా ఉండి పక్క లైన్లో జనం ఆగిపోయే పరిస్థితి ఇక రాదు, అందుకే ఆ తగ్గుదల.

రెండోది బెజవాడ తమ్ముడు చెప్పిందే, దాని బలం ఎంతో అంకెల్లో చూడండి. ముందే కట్టిపెట్టుకోవడం వల్ల 2 నిమిషాల పని ఒకటిన్నరకి తగ్గిందనుకుందాం. లైన్లు రెండుగానే ఉంచినా 10 నిమిషాలు రెండున్నర అవుతుంది. ఒకే లైను కూడా పెడితే దాదాపు ఒక్క నిమిషం! పైగా ఒక్క పప్పు తీసుకుని పోయేవాడికీ, ఐదు రకాలు అడిగి రుచి చూసేవాడికీ పట్టే టైములో తేడా తగ్గుతుంది. అదీ కలిసొస్తుంది.

వంకాయ సంగతి. ఒక ప్యాకెట్ తక్కువ వండితే పోయేది 25 రూపాయల లాభం, ఎక్కువ వండితే పోయేది 15. 25ని మొత్తం 40తో భాగిస్తే 0.625. వంద రోజుల్లో 62, 63 రోజులు సరిపోయేంత వండాలి, మిగతా రోజుల్లో అయిపోయినా ఫర్వాలేదు అని దానర్థం. చేసే పద్ధతి: 24 రోజులు ఎంతమంది అడిగారో రాయండి, చిన్న అంకె నుంచి పెద్ద అంకె దాకా వరసగా పేర్చండి, పదిహేనో అంకె ఎంతో అన్ని ప్యాకెట్లు వండండి. శని, ఆదివారాలకి విడిగా రాసుకోండి.

ఇందులో అందరూ వదిలేసే విషయం ఒకటుంది, దాన్ని గట్టిగా పట్టుకోండి. ఎనిమిదింటికి గిన్నె ఖాళీ అయిన రోజు “30 అమ్మాం” అని రాస్తే అది గిరాకీ కాదు, గిన్నె సైజు. ఆ తర్వాత “వంకాయ ఉందా?” అని అడిగిన ప్రతి మనిషికీ ఒక గీత గీయాలి. గీతలు లేకపోతే మీ లెక్క ఎప్పుడూ తక్కువే చూపిస్తుంది, మీరూ ఎప్పుడూ తక్కువే వండుతారు.

ఇంకోటి. వంకాయ లేదంటే సగం మంది దొండకాయ తీసుకుంటారేమో. అలాగైతే మీకు నిజంగా పోయింది 25 కాదు, ఇంకా తక్కువ; వంకాయ కాస్త తగ్గించి వండొచ్చు. పప్పు సంగతి దీనికి పూర్తిగా తిరగబడుతుంది. పప్పు లేదంటే మనిషి మిగతా కూరలు కూడా మానేసి పక్క షాపుకి పోతాడు. పప్పు మాత్రం మిగిలినా సరే, అయిపోకూడదు.

నూనె గురించి ఎక్కువ ఆలోచించకండి. ఏడాదికి 240 టిన్నులు, తెచ్చినప్పుడల్లా 150, ఒక టిన్ను ఏడాదంతా ఇంట్లో ఉంటే వడ్డీ, చోటు కలిపి 300 అనుకుందాం. 1913లో హారిస్ అనే అమెరికన్ ఇంజినీర్ ఇచ్చిన సూత్రం ప్రకారం 2, 240, 150 గుణించి, 300తో భాగించి, వర్గమూలం తీస్తే సుమారు 15 టిన్నులు. 10 తెచ్చినా 24 తెచ్చినా ఏడాది మొత్తం మీద తేడా 450 రూపాయలే. నూనె ధర టిన్నుకి పది రూపాయలు అటూ ఇటూ అయితే ఇంతకంటే ఎక్కువే పోతుంది.

లూప్ లైన్

మాస్టారూ, చిన్న సందేహం. మీ ఫార్ములాకి జనం పాయిజాన్ పద్ధతిలో, ఒకరితో ఒకరికి సంబంధం లేకుండా రావాలి. వనస్థలిపురంలో బస్సు ఆగితే పదిమంది ఒకేసారి దిగుతారు. అప్పుడు ఆ 10 నిమిషాలు ఎలా నమ్మాలి?

స్టాటిస్టిక్స్ మాస్టారు (గుంటూరు)

మంచి ప్రశ్న. గుంపులుగా వస్తే ఎదురుచూపు ఇంకా పెరుగుతుంది. కింగ్‌మన్ 1961లో ఇచ్చిన ఉజ్జాయింపు చూడండి: పని ఎంత నిండింది, రాకల్లోనూ పని టైములోనూ ఎంత హెచ్చుతగ్గులున్నాయి, ఒక్కొక్కరికి ఎంతసేపు పడుతుంది, ఈ మూడింటి గుణకారమే ఎదురుచూపు. బస్సు గుంపులు మధ్యదాన్ని పెంచుతాయి. ఇంకోవైపు రద్దీ రెండు గంటలే కాబట్టి లైను పూర్తిగా పెరిగేలోపే తొమ్మిదవుతుంది. పొడుగు లైనులో ఉన్నవాళ్లు పక్క లైనులోకి దూకుతారు కూడా. ఇవి తగ్గిస్తాయి. పెంచేవీ తగ్గించేవీ కలిసి ఇక్కడ లెక్క దగ్గరగా వచ్చింది, ప్రతి షాపులోనూ ఇలా కుదరదు. అందుకే తలలు లెక్కపెట్టమన్నాను. ఏ మార్పు చేస్తే ఎంత తగ్గుతుంది అన్న పోలిక మాత్రం ఫార్ములా బాగానే చెబుతుంది.

కూరల కొట్టు (హైదరాబాద్)

మాస్టారూ, చాలా థాంక్స్. ఒకే లైను పెడితే ఫుట్‌పాత్ దాటి పక్క మొబైల్ షాపు ముందుకి వస్తుంది, వాళ్లు గొడవ చేస్తారు. మూడో మనిషిని పెట్టుకోమని అమ్మ అంటోంది. రెండు గంటలకి 200 అడుగుతున్నారు. ముగ్గురు నిలబడి ఇవ్వడానికి కౌంటర్ దగ్గర చోటు లేదు.

స్టాటిస్టిక్స్ మాస్టారు (గుంటూరు)

లైను పొడుగు గురించి భయపడకండమ్మా. ఇప్పుడు రెండిట్లో కలిపి 8 మంది, ఒకే లైన్లో సగటున నలుగురే ఉంటారు. పప్పు, సాంబారు ముందే కడితే ఒకరు కూడా ఉండకపోవచ్చు. బస్సు దిగిన పది నిమిషాలు మాత్రం లైను మీ మెట్ల వైపు వంగేలా ఒక తాడు కట్టండి.

మూడో మనిషి కౌంటర్లో నిలబడనక్కర్లేదు. వెనక కూర్చుని కవర్లు కట్టి అందిస్తే చాలు, మీ 2 నిమిషాలు ఒకటిన్నర అయ్యేది దానివల్లే. ఖర్చు 200. ఒక్కో మనిషి రెండు ప్యాకెట్లు కొన్నా వంకాయ లెక్కన మీకు 50 మిగులుతుంది. బండి ఆపకుండా వెళ్లిపోతున్నారన్నారే, వాళ్లలో రోజుకి నలుగురు ఆగితే ఆ కూలి వచ్చేస్తుంది. ముందు కవర్లు ఆరున్నరకే మీరే కట్టి వారం రోజులు చూడండి, అది చాలకపోతే మనిషిని పెట్టండి. తలల లెక్క, వంకాయ గీతల కాగితం ఇక్కడ పెట్టండి, మిగతాది కలిసి వేద్దాం.

బెజవాడ కర్రీస్

అక్కా, ఆ గీతలు కాగితం మీద గీయకండి, తడి చేతులకి పాడైపోతుంది. క్యాలెండర్ వెనక స్కెచ్ పెన్నుతో గీసి రాత్రి ఫొటో తీసుకోండి. వంకాయకి, దొండకాయకి వేరే రంగులు.