ముందు సబ్‌ఫ్రేమ్ దించుతున్నా, ఒక బోల్టు తిరుగుతోంది కానీ ఊడి రావడం లేదు

కోవూరు కారు: అన్నలూ, పొద్దున్నుంచి బండి కిందే ఉన్నా, నడుం పడిపోయింది. రబ్బరు మౌంట్లు అరిగి గేరు వేసినప్పుడల్లా కింద ధడ్‌మని కొడుతోంది. షెడ్డులో సబ్‌ఫ్రేమ్ (ఇంజన్ కింద బాడీకి బిగించే ఇనప చట్రం) దించాలన్నారు, వాళ్లడిగిన కూలీ ఇచ్చుకోలేక నేనే మొదలుపెట్టా. మూడు బోల్టులు వచ్చేశాయి, డ్రైవర్ వైపు వెనక బోల్టు మాత్రం గిర్రున తిరుగుతోందే గానీ కిందికి దిగట్లేదు. తొందరగా చెప్పండి.

కందుకూరు డీజిల్: ఏ బండి?

కావలి కోస్తా: ఇదంతా ఉప్పుగాలి చేసే పని. మనవాళ్లు బండికి పైన పాలిష్ కొట్టిస్తారు, కింద ఒక్కరూ వంగి చూడరు. మైపాడు, కొత్తపట్నం బీచిలకు వెళ్లొస్తే ఆ రోజే అడుగున మంచినీళ్లు కొట్టాలి. వానలకు ముందు అండర్ కోటింగ్ చేయించాలి, అదీ తుప్పు గీకించాకే. తుప్పు మీదే పూస్తే లోపల తింటూనే ఉంటుంది.

ఒంగోలు షెడ్డు: కోటింగ్ తర్వాత మాట్లాడుకుందాం. తమ్ముడూ, బోల్టు ఊరికే తిరుగుతోందంటే బాడీ లోపల వెల్డ్ చేసిన నట్టు ఊడింది, ఇంక తిప్పొద్దు. ఇంజన్ను పైనుంచి గొలుసుతో పట్టించావా? జాకీ ఒక్కదాన్నే నమ్మి కిందికి దూరకు, జాకీలో ఆయిల్ సీలు పోతే నిమిషంలో దిగిపోతుంది. స్టాండ్లు పెట్టు, విప్పిన చక్రాలు కూడా సిల్ (తలుపుల కింది అంచు) కింద పడుకోబెట్టు. స్టీరింగ్ జాయింటు విప్పి ఉంటే స్టీరింగ్ లాక్ చెయ్, అది ఇష్టమొచ్చినట్టు తిరిగితే ఎయిర్‌బ్యాగ్‌కు వెళ్లే చుట్ట వైరు తెగుతుంది.

కోవూరు కారు: స్టాండ్లు ఉన్నాయన్నా. స్టీరింగ్ ఇంకా ముట్టుకోలేదు.

కందుకూరు డీజిల్: అరిగింది ఇంజన్ను పట్టే మౌంటా, సబ్‌ఫ్రేమ్‌కూ బాడీకీ మధ్య ఉండే రబ్బరు బుష్‌లా?

కోవూరు కారు: మౌంట్లంటే మౌంట్లే గదా, అన్నీ కిందే ఉన్నాయి.

కావలి కోస్తా: మా వైపు దాన్ని క్రాస్ మెంబర్ అంటాం, సబ్‌ఫ్రేమ్ అనేది వేరు.

ఒంగోలు షెడ్డు: పేరు ఏదైనా పెట్టుకోండి, పని ముఖ్యం. గేరు వేసినప్పుడు కొడితే ముందు అనుమానించాల్సింది ఇంజన్ ఊగకుండా కింద పట్టే టార్క్ రాడ్‌ను. చాలా బండ్లలో దాన్ని ఫ్రేమ్ దించకుండానే మార్చొచ్చు. ఫ్రేమ్ బుష్‌లు పోతే బ్రేక్ కొట్టినప్పుడు, గుంతలో పడినప్పుడు శబ్దం వస్తుంది, స్టీరింగ్ ఒక పక్కకు లాగుతుంది. కొన్ని బండ్లలో ఫ్రేమ్ నేరుగా బాడీకే బిగించి ఉంటుంది, రబ్బరు బుష్‌లే ఉండవు. అందుకే బండి పేరు అడుగుతున్నారు. ముందు ఆ మూడు బోల్టులూ తిరిగి ఎక్కించు. తర్వాత లోపల కార్పెట్ ఎత్తి చూడు, కొన్నిట్లో నట్టు పైన రబ్బరు మూత ఉంటుంది.

కోవూరు కారు: మూత ఉందన్నా! స్పానర్ దూరుతోంది, తమ్ముణ్ణి పట్టుకోమన్నా. థాంక్స్.

ఒంగోలు షెడ్డు: కొత్త నట్టు వెల్డ్ చేయించే ముందు బ్యాటరీ టెర్మినల్ తీసెయ్. పక్కన డీజిల్ పైపు పోతోందేమో కూడా చూసుకో.